దూరంగా నిలిచి చూసిన అక్క

నాలుగేళ్ల కిందటి మాట. సంక్రాంతి వెళ్లిన వారం. మా మందిరం వెనకనున్న పొలంలో కందికోత సాగుతోంది. శనివారం సాయంత్రం పాటల సాధనకు వచ్చిన సండే స్కూల్ పిల్లలు పరుగున వచ్చి ఒక తువ్వాలు మూట మా చేతుల్లో పెట్టారు. విప్పి చూస్తే రెండు చెవులపిల్లి కూనలు. ఒక్కొక్కటి పిడికిట్లో పట్టేంత ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఒంటినిండా మెత్తటి బొచ్చు. గట్టుమీద గడ్డిలో కదలకుండా మెదలకుండా పడి ఉన్నాయట. “తల్లి వదిలేసి పోయిందయ్యగారూ” అన్నాడొక కుర్రాడు, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా.

మాకూ జాలి కలిగింది. అట్టపెట్టెలో పాత చీరముక్క పరిచాం. ఆవుపాలు కాచి చల్లార్చి దూదితో వాటి నోట్లో పిండాం. పిల్లలందరూ వంతులేసుకుని వాటిని ఎత్తుకున్నారు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో వాటిని కూడా జ్ఞాపకం చేసుకున్నాం. ఆదివారం ఆరాధనకు గంట కొట్టే వేళకు ఒకటి చనిపోయింది. రెండోది సోమవారం మధ్యాహ్నం దాకా కొట్టుమిట్టాడింది.

ఆ వారంలోనే మా ఊరు వచ్చిన అటవీశాఖ బీటు అధికారి ఒకాయనకు ఈ సంగతి చెప్పాం. ఆయన మమ్మల్ని తప్పుపట్టలేదు. “తల్లి వదిలేసి పోలేదండీ” అన్నాడు మెల్లగా. “చెవులపిల్లి పగలు కూనల దగ్గర ఉండదు. ఉంటే కుక్కకో నక్కకో చోటు తెలిసిపోతుంది. చీకటి పడ్డాక వచ్చి పాలిచ్చి మళ్లీ వెళ్లిపోతుంది. శనివారం రాత్రి కూడా వచ్చి గట్టంతా వెతుక్కునే ఉంటుంది.”

ఆ మాట మమ్మల్ని చాలాకాలం నిద్రపోనివ్వలేదు. ఇంట్లో మోకరించి ఆ కూనల కోసం మేము ప్రార్థిస్తున్న వేళ, మా ప్రార్థనకు జవాబు నూరు గజాల దూరంలో గట్టుమీద తిరుగుతూ ఉంది. మాది జాలే, అందులో కపటం లేదు. కాని తెలియని జాలి. అది అనాథలను ఆదుకోలేదు. తల్లి ఉన్న కూనలను అనాథలను చేసింది.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఆ తర్వాత నిర్గమకాండం రెండో అధ్యాయం చదివినప్పుడు అంతకు ముందెన్నడూ పట్టించుకోని సంగతి ఒకటి మా కంటబడింది. మోషే తల్లి తన మూడు నెలల బిడ్డను జమ్ముపెట్టెలో ఉంచి నది ఒడ్డున జమ్ములో పెట్టింది. దారినపోయే వారెవరైనా చూస్తే ఎవరో వదిలేసిన బిడ్డ అనే అనుకుంటారు. కాని అతడు వదిలేసిన బిడ్డ కాదు, దాచిపెట్టిన బిడ్డ. అక్కడే అతని అక్క ఉంది. ఆమె పెట్టె పక్కన కూర్చుని ఏడవలేదు. బిడ్డను ఎత్తుకుని ఊళ్లోకి పరుగెత్తలేదు. ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి దూరంగా నిలబడింది (2:4). సమయం వచ్చినప్పుడు మాత్రం ఆలస్యం చేయలేదు. రాజకుమారితో మాట్లాడి, వెళ్లి పిలుచుకొచ్చింది. ఎవరిని? ఆ బిడ్డ తల్లినే (2:7, 8). ఇంటి దగ్గర అడవి జంతువు కూన కనిపించినప్పుడు మనం చేయవలసిందంతా ఆ చిన్నపిల్ల చేసిన పనిలోనే ఉంది. దూరంగా నిలబడాలి. కనిపెట్టుకుని చూడాలి. అవసరమైతే పిలవవలసిన వారిని పిలవాలి. అన్నిటికంటే ముఖ్యం, బిడ్డ మళ్లీ తల్లి చేతికే చేరాలి.

ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలోనూ (6, 7 వచనాలు) దారిలో అనుకోకుండా పక్షిగూడు కనబడినవాడికి ఒక కట్టడ ఉంది. పిల్లలతోపాటు తల్లిని పట్టుకోకూడదు, తల్లిని విడిచిపెట్టాలి. ఆ కట్టడ సందర్భం వేరు, పిల్లలను తీసుకోవద్దని అది చెప్పదు. కాని ఒక సంగతి మాత్రం తేటగా తెలుస్తుంది. ఎవరూ చూడని దారిలో, అనుకోకుండా ఒక చిన్నప్రాణి ఎదురైన క్షణంలో మన చెయ్యి ఏం చేస్తుందో దేవుడు గమనిస్తున్నాడు.

ఇక అసలు విషయానికి వద్దాం. కూన ఒంటరిగా కనబడినంత మాత్రాన దానికి తల్లి లేనట్టు కాదు. చెవులపిల్లి సంగతి చెప్పాం. దుప్పి, జింక కూడా ఈనిన కొత్తలో కూనను గడ్డిలోనో పొదలోనో పడుకోబెట్టి మేతకు వెళ్తాయి. ఆ కూన కదలకుండా ఉండటం జబ్బువల్ల కాదు, అదే దానికి రక్ష. జంగుపిల్లి చెరకుతోటల్లో, దుబ్బుల్లో ఈనుతుంది. అది వేటకు వెళ్లిన వేళ కోత మొదలైతే కూనలు బయటపడతాయి. నక్కయినా ముంగిసయినా అంతే. తల్లి ఆహారానికి వెళ్తేనే కూనకు పాలు.

అందుకే ముందు కుక్కలను కట్టేయండి. పిల్లలను, సెల్‌ఫోన్లతో వచ్చే పెద్దలను దూరం పంపండి. మనుషుల గుంపు కదలకుండా ఉన్నంతసేపు తల్లి దగ్గరికి రాదు. కోత నడుస్తుంటే ఆ కాస్త చోటు వదిలి మిగతా పొలం కోసుకోండి. తెల్లవారేదాకా దానికి సమయమివ్వండి. మీరు తెలియక ఇప్పటికే ఇంటికి తెచ్చివుంటే నిరాశపడకండి. కూన ఆరోగ్యంగా ఉంటే అటవీ సిబ్బందికి చెప్పి, వీలైతే ఆ సాయంత్రమే దొరికిన చోటునే తిరిగి ఉంచండి. మనిషి వాసన తగిలితే తల్లి ఇక ముట్టదని మన పెద్దలు అంటుంటారు. ఆ భయంతోనే చాలామంది కూనలను తిరిగి పెట్టరు. సాధారణంగా అది నిజం కాదు. తల్లి ప్రేమ అంత తేలికగా తెగేది కాదు.

మహారాష్ట్రలోని పుణె జిల్లా జున్నర్ ప్రాంతంలో ఇందుకు ఎన్నో నిదర్శనాలున్నాయి. అక్కడి చెరకుతోటల్లో చిరుతపులులు ఈనుతాయి. కోతల కాలంలో కూలీలకు చిరుత కూనలు కనబడటం మామూలే. అక్కడ అటవీశాఖవారు, వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ సంస్థ పశువైద్యులు కలిసి కూనలను పరీక్షిస్తారు. అవి బాగుంటే దొరికిన చోటనే పెట్టెలో ఉంచి, అందరినీ పంపేసి, దూరం నుంచి కెమెరాతో చూస్తారు. చీకటి పడ్డాక తల్లి వస్తుంది, కూనను నోటకరచుకుని వెళ్తుంది. మనుషులు ఎత్తిన కూననే, మనుషులు పెట్టిన పెట్టెలోనుంచే.

అయితే ప్రతిసారీ అలా జరుగుతుందని చెప్పలేం. 2023 మార్చిలో మన నంద్యాల జిల్లా పెద్ద గుమ్మడాపురంలో నాలుగు పులికూనలు దొరికిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. కుక్కల బారిన పడతాయేమోనని ఊరివారు వాటిని ఒక గదిలో ఉంచి అటవీశాఖకు కబురుచేశారు. తల్లిపులితో వాటిని కలపాలని అధికారులు రోజుల తరబడి అడవిలో శ్రమించారు. ఫలించలేదు. చివరికి ఆ నాలుగు కూనలనూ తిరుపతి జంతుప్రదర్శనశాలకు తరలించవలసి వచ్చింది. అడవిలో పుట్టిన కూనకు జూలో బతుకు దక్కవచ్చు, అడవి మాత్రం దక్కదు. ఒకసారి తల్లినుంచి దూరమైతే తిరిగి కలపడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుసుకోవాలి.

ఇంకో హెచ్చరిక. పులి, చిరుత, ఎలుగుబంటి, అడవిపంది కూనలు కనబడితే ఆగి చూడటం కూడా ప్రమాదమే. తల్లి దగ్గర్లోనే ఉండవచ్చు. చప్పుడు చేయకుండా వచ్చిన దారినే వెనక్కి నడిచి ఊరివారిని హెచ్చరించండి, అటవీశాఖకు తెలపండి.

మన పెరట్లో ఎక్కువగా కనబడేవి పక్షిపిల్లలు, ఉడుతపిల్లలు. ఈకలు రాని పక్షిపిల్ల కిందపడితే మెల్లగా తీసి గూట్లో పెట్టండి. గూడు ఊడిపోతే చిన్న బుట్టలో ఎండుగడ్డి వేసి అదే చెట్టుకు కట్టండి. ఈకలు వచ్చి, నేలమీద గెంతుతూ, సరిగా ఎగరలేని పిల్ల అయితే అది ఎగరడం నేర్చుకుంటోందన్నమాట. తల్లిదండ్రులు పక్క కొమ్మ మీదినుంచే మేత తెచ్చిపెడతాయి. పిల్లిని ఇంట్లో పెట్టి తలుపేస్తే చాలు. ఉడుతపిల్ల పడితే చిన్న పెట్టెలో గుడ్డవేసి, చీమలూ కాకులూ చేరకుండా ఆ చెట్టు దగ్గరే ఉంచి దూరంగా కనిపెట్టండి. తల్లి వచ్చి నోటకరచుకుని ఇంకో గూటికి చేరుస్తుంది.

మరి మనం చెయ్యి వేయవలసిన సమయం ఎప్పుడు? పక్కనే తల్లి చచ్చిపడి ఉన్నప్పుడు, కూనకు రక్తం కారుతున్నప్పుడు, కుక్కో పిల్లో కరిచినప్పుడు, ఈగలు ముసిరి గాయంలో పురుగులున్నప్పుడు, ఒళ్లు చల్లబడి నీరసించినప్పుడు, రాత్రి గడిచినా తల్లి జాడ లేనప్పుడు. అలాంటప్పుడు అట్టపెట్టెకు గాలి రంధ్రాలు చేసి, మెత్తటి గుడ్డ పరిచి, మందపాటి గుడ్డతో కూనను పట్టి అందులో ఉంచండి. చీకటిగా, వెచ్చగా, నిశ్శబ్దంగా ఉన్న మూల చాలు. ఆవుపాలు, గేదెపాలు పట్టకండి. అవి వాటికి అరగవు, విరేచనాలవుతాయి. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. మా కూనల ప్రాణం తీసింది మా పాలే కావచ్చు. పొరపాటున కరిచినా గీరినా రేబిస్ భయం ఉంటుంది గనుక సబ్బుతో పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఇలాంటి కూనను పెంచుకుందామన్న ఆశ వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి ఒప్పుకోదు. మన చేతికి వచ్చిన అడవి ప్రాణి సంగతి 48 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కో అధీకృత అధికారికో తెలపాలని ఆ చట్టం చెబుతోంది. మన ఊరి బీటు అధికారి ఫోన్ నంబరు మందిరం గోడమీద రాసిపెట్టుకోవడం మంచిది. ఆయన దొరక్కపోతే 112కు ఫోన్ చేయవచ్చు. పంజరంలో రామచిలుకను పెంచడం కూడా ఈ చట్టం ప్రకారం నేరమేనని మన విశ్వాసుల ఇళ్లలో చాలామందికి తెలియదు.

కిందటి ఏడాది మా పిల్లలు మళ్లీ పరుగున వచ్చారు. ఈసారి చేతులు ఖాళీ. “అయ్యగారూ, జమ్ములో జంగుపిల్లి కూనలున్నాయండీ, మేం ముట్టుకోలేదు” అన్నారు రొప్పుతూ. మందిరం కిటికీ దగ్గర దీపం ఆర్పేసి అందరం కూర్చున్నాం. చీకటి ముదిరింది. దోమలు కుడుతున్నా ఎవరూ కదల్లేదు. చాలాసేపటికి గట్టుమీద ఒక నీడ ఆగింది, అటూ ఇటూ చూసింది, జమ్ములోకి దూరింది. కాసేపటికి నోట ఒక కూనతో బయటికి వచ్చింది. మళ్లీ వచ్చింది, రెండోదాన్ని తీసుకెళ్లింది.

అప్పుడు మా పక్కన కూర్చున్న కుర్రాడు, నాలుగేళ్ల కిందట తువ్వాలు మూట తెచ్చినవాడే, గుసగుసగా అడిగాడు. “అప్పుడు కూడా వచ్చి ఉండేదా అయ్యగారూ?”

వచ్చి ఉండేదని చెప్పాం. వాడు తల వంచుకున్నాడు. మేము వాడి భుజంమీద చెయ్యి వేసి, ఆ తప్పు వాడిది కాదని, పెద్దవాళ్లమైన మాదని చెప్పాం. మంచి చేయాలన్న తొందరలో మన చెయ్యి ముందుకు చాచడం తేలిక. దాన్ని వెనక్కి తీసుకుని, సృష్టికర్త ఆ కూనకిచ్చిన తల్లిని నమ్మి దూరంగా నిలబడటం కష్టం. ఆ రాత్రి మా పిల్లలు ఆ కష్టమైన పనే చేశారు.