రోడ్డు మీద దెబ్బ.. కాగితం మీద సాక్ష్యం

బాల్కొండ నుంచి ఆర్మూర్‌కు కోచింగ్‌కో, నిజామాబాద్‌కు కాలేజీకో రోజూ బండి మీద పోయొచ్చే వాళ్లకు 44వ నంబరు జాతీయ రహదారి గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒకపక్క నాగ్‌పూర్‌ నుంచి హైదరాబాద్‌కు ఆగకుండా పోయే లారీలు, ఇంకోపక్క పసుపు, మక్కల లోడుతో ఊళ్లోంచి రోడ్డెక్కే ట్రాక్టర్లు. ఈ రోడ్డు మీద మీ ఫ్రెండ్‌ బండిని వెనక నుంచి కారు గుద్దిందనుకుందాం. కాలు విరిగింది, సెలక్షన్స్‌కు పోవాల్సిన ఏడాది మంచంలో గడిచింది. పరిహారం వస్తుందా, ఎంత వస్తుంది అన్నది మొదటి రెండు మూడు రోజుల్లో రాసిన కాగితాల మీదే చాలావరకు ఆధారపడుతుంది.

అన్నిటికంటే ముందు పుట్టే కాగితం ఆస్పత్రిలోనిది. గాయం ఎలా తగిలిందని డాక్టర్‌ అడుగుతారు. పోలీసుల గొడవెందుకులే అని పక్కనున్నవాళ్లు ‘జారిపడ్డాడు’ అనేస్తారు. అది మెడికో లీగల్‌ రికార్డులో ఎక్కుతుంది. ఏడాది తర్వాత ట్రిబ్యునల్‌లో ఇన్సూరెన్స్‌ కంపెనీ లాయర్‌ మొదట తీసేది ఆ పేజీనే. అసలు కారు తగల్లేదు, క్లెయిమ్‌ కోసం తర్వాత ఇరికించారని వాదిస్తారు. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పండి. బండి నంబరు తెలిస్తే అదీ రాయించండి.

తర్వాత ఎఫ్‌ఐఆర్‌. ఇది ఒకట్రెండు రోజులు ఆలస్యమైతే అంతా పోయినట్టేనని చాలామంది భయపడతారు. అంత భయం అక్కర్లేదు. మనిషి ప్రాణాలు కాపాడుకునే తొందరలో ఉన్న కుటుంబం ముందు స్టేషన్‌కు పరుగెత్తాలని ఆశించలేమని 2011లో రవి - బద్రీనారాయణ్‌ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఆలస్యానికి కారణం ఫిర్యాదులోనే ఉండాలి. ఎఫ్‌ఐఆర్‌ కాపీ బాధితుడికి ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

2022 ఏప్రిల్‌ 1 నుంచి ఈ వ్యవహారం బాగా మారింది. ప్రమాదం జరిగిన 48 గంటల్లో దర్యాప్తు అధికారి ట్రిబ్యునల్‌కు, బీమా కంపెనీకి మొదటి ప్రమాద నివేదిక పంపాలి. 10 రోజుల్లో బాధితుడికి తన హక్కులు వివరించే ఫారం ఇవ్వాలి. 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో సమగ్ర ప్రమాద నివేదిక. ఐఐటీ మద్రాస్‌, ఎన్‌ఐసీ రూపొందించిన ఐరాడ్‌ యాప్‌లో స్థలం, ఫొటోలు, వాహనాల వివరాలు ఎక్కించేది కూడా ఇందుకే. అసలు విషయం మోటారు వాహనాల చట్టం 166(4)లో ఉంది. పోలీసులు పంపిన ఆ నివేదికనే ట్రిబ్యునల్‌ పరిహారం దరఖాస్తుగా తీసుకోవాలి. అంటే ఎస్సై రాసే రిపోర్టు క్రిమినల్‌ కేసుకే కాదు, మీ క్లెయిమ్‌కూ పునాది.

అలాగని రిపోర్టే తీర్పు కాదు. క్రిమినల్‌ కోర్టులోలా అనుమానానికి తావులేని రుజువు ఇక్కడ అడగరు. జరగడానికి ఏది ఎక్కువ అవకాశమో చూస్తారు. రఫ్‌ స్కెచ్‌లో బండి రోడ్డుకు ఏ పక్కన పడిందో తప్పుగా గీస్తే మాత్రం ‘తప్పు ఇద్దరిదీ’ అని పరిహారంలో కోత పడొచ్చు. పంచనామా, స్కెచ్‌, ఎంవీఐ రిపోర్టు, గాయాల సర్టిఫికెట్‌ ఒకదానితో ఒకటి సరిపోయాయో లేదో మీరే కూర్చుని చూసుకోండి. ఆ పని ఇంకెవరూ మీకోసం చేయరు.

పోలీసుల మీద వదిలేసి ఊరుకోవద్దు. సొంతంగా దరఖాస్తు పెట్టుకోవడానికి చట్టంలో రాసిన గడువు ఆరు నెలలే. ప్రమాదం ఎక్కడ జరిగినా, మీరు ఉండే జిల్లా ట్రిబ్యునల్‌లోనే వేయొచ్చు. గుద్దిన బండి దొరక్కపోతే హిట్‌ అండ్‌ రన్‌ పథకం కింద చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయాలకు 50 వేలు. దరఖాస్తు రెవెన్యూ అధికారికి. ఇక్కడా పోలీసు రిపోర్టు లేనిదే ఫైలు కదలడం కష్టం.

ఈ కాగితాల వెనక ఉద్యోగాలూ ఉన్నాయి, వీటి గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు. బండిని తనిఖీ చేసి బ్రేకులు పనిచేశాయా లేదా రాసేది ఎంవీఐ. ఆటోమొబైల్‌, మెకానికల్‌ చదివినవాళ్లు ఏఎంవీఐగా చేరడానికి టీజీపీఎస్సీ నోటిఫికేషన్‌ కోసం చూడాలి. వాహన నష్టాన్ని లెక్కగట్టే సర్వేయర్‌కు లైసెన్స్‌ ఇచ్చేది ఐఆర్‌డీఏఐ. లా చదవాలనుకుంటే టీజీ లాసెట్‌ ఉంది. న్యూ ఇండియా, యునైటెడ్‌ ఇండియా వంటి ప్రభుత్వ బీమా సంస్థలు అడ్మినిస్ట్రేటివ్‌ ఆఫీసర్లుగా లీగల్‌ స్పెషలిస్టులనూ తీసుకుంటాయి. వీటిలో దేనికి సిద్ధమవుతున్నా, ముగిసిపోయిన కేసు ఫైలు ఒకటి తెలిసిన లాయర్‌ దగ్గర కూర్చుని ఎఫ్‌ఐఆర్‌ నుంచి తీర్పు దాకా చదవండి. గైడు పుస్తకంలో దొరకని సంగతులు స్కెచ్‌ ఉన్న ఆ ఒక్క పేజీలోనే కనిపిస్తాయి.