మనిషికి తగిన పనిముట్టు

ఎద్దు మెడకు పుండు పడినచో మనము కాడిని నున్నగా చెక్కించెదము, గుడ్డ చుట్టెదము. ఎద్దును మాత్రము తప్పు పట్టము. మనిషి విషయములో ఈ వివేకము మరచిపోవుచున్నాము. పట్టు తప్పిన చేయి, నిలువని కాలు గలవానిని "ఇక ఇతనితో పని కాదు" అని అరుగుమీద కూర్చుండబెట్టుచున్నాము. అతని చేను కౌలుకు పోవును. ఇంటిలో అతని మాటకు విలువ తగ్గును. పెక్కు సందర్భములలో మార్చవలసినది పనిముట్టే. ఊరి వడ్రంగి, కమ్మరి, ఒక పాత సైకిలు ట్యూబు ఉన్నచో ఈ మార్పు చాలవరకు ఇంటివద్దనే చేసికొనవచ్చును.

రామచంద్రపురము చెప్పు పాఠము

రామచంద్రపురము అనగానే గోదావరి తూర్పు డెల్టా వరిచేలు, చేరువనున్న ద్రాక్షారామము గుర్తుకు వచ్చును. ఈ ఊరిలోనే 20వ శతాబ్దపు తొలి రోజులలో కెనడా బాప్టిస్టు మిషను వారు కుష్ఠు వ్యాధిగ్రస్తులకు ఆశ్రమము నడిపిరి. ఆ కాలములో ఆ జబ్బు వచ్చినవారి వ్రేళ్లు వాటంతట అవే రాలిపోవునని జనులు నమ్మెడివారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ గారు ఆ నమ్మకము సరికాదని చూపిరి.

ఈ వ్యాధి నరములను చెరచి స్పర్శను పోగొట్టును. స్పర్శ లేనిచోట నొప్పి తెలియదు. కొడవలి పిడిలోని పేడు గుచ్చుకొన్నను, వేడి గిన్నె కాల్చినను చేయి వెనుకకు రాదు. పుండు మానకమునుపే మరల పనిలో దిగుదురు. చీము ఎముకవరకు పోయి వ్రేలు కురచ అగును. అనగా వ్రేళ్లకు ముప్పు చాలవరకు గరుకు పిడి, వేడి గిన్నె, మేకులు తేలిన చెప్పు వలననే వచ్చుచున్నది.

నేడు బహుళ ఔషధ చికిత్సతో ఈ వ్యాధి 6 లేక 12 నెలలలో నయమగుచున్నది. మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. కాని పోయిన స్పర్శ అందరికిని తిరిగిరాదు. అట్టివారికిని, మధుమేహము వలన అరికాళ్లు మొద్దుబారినవారికిని ఈ పాఠము నేటికిని అవసరమే.

పిడిని సరిచేయుట

మొదట కొడవలి, పార, పలుగు పిడులను చూడుడు. పగుళ్లు, పేళ్లు ఉన్నచో చిత్రిక పట్టించి నున్నగా రుద్దించుడు. తరువాత సైకిలు ట్యూబును రెండు వ్రేళ్ల వెడల్పున పట్టీగా కోసి, ఒకదానిమీద ఒకటి ఎక్కునట్లు బిగించి చుట్టుడు. గుప్పిట మూసినపుడు వ్రేళ్ల కొనలు బొటనవ్రేలికి ఇంచుమించు అందవలెను, అరచేతిలో గుచ్చుకొనరాదు. అంత లావు చాలును. ట్యూబు మడతలు, ముడులు అరచేతి క్రిందకు రాకుండ చూడుడు.

వ్రేళ్లు వంకరపోయినవారికి హార్డువేరు దుకాణములలో దొరకు ఎపాక్సీ ముద్దను పిడికి పెట్టి, మెత్తగా ఉన్నపుడే వారి పట్టు అచ్చు తీయవచ్చును. పచ్చి ముద్ద చర్మమునకు తగులరాదు. చేతికి ప్లాస్టిక్ కాగితము చుట్టియే అచ్చు తీయుడు. గట్టిపడిన పిమ్మట అంచులను అరగదీయుడు.

పట్టు బొత్తిగా లేనివారికి వేరొక ఉపాయము కలదు. మూడు అంగుళముల ప్లాస్టిక్ గొట్టమును జానెడు పొడవు కోసి, నిలువున సగముగా చీల్చుడు. అంచులు నున్నచేసి, లోపల మెత్తని గుడ్డ అంటించుడు. దీనిని కలుపు తీయు చిన్న పార కామ పైకొనకు మరలతో బిగించుడు. మర తలలు లోపలకు తేలరాదు. ముంజేయి ఆ దోనెలో ఆనును. బరువు వ్రేళ్లమీద గాక ముంజేతిమీద పడును. ముంజేతిని పట్టీతో కట్టినచో అది ఒక్క లాగుతో ఊడవలెను. నూర్పిడి యంత్రము, చొప్ప కోయు యంత్రము దగ్గర ఇట్టి పట్టీ ఎంతమాత్రము కట్టరాదు.

బురదలో నడక

చంకకర్రను కొలత లేకుండ చేయించరాదు. మనిషి నిలిచినపుడు చంకకును కర్ర పైకొనకును మధ్య రెండు మూడు వ్రేళ్ల సందు ఉండవలెను. చేతిపిడి మణికట్టు ఎత్తున ఉండవలెను. బరువు చేతులపై మోపవలెను. చంకపై మోపినచో అక్కడి నరము నలిగి చేయి బలహీనపడును. గట్లమీద నడుచునపుడు కర్ర మొన బురదలో దిగకుండ అడుగున అరచేతి వెడల్పుగల కర్రబిళ్లను, దాని క్రింద పాత టైరు ముక్కను బిగించుడు.

కాలు పోయినవారికి జైపూరు పాదము మేలు. 1968లో శిల్పి రామచంద్రశర్మ గారును, డాక్టరు పి.కె. సేథీ గారును కలిసి రబ్బరు, కర్రలతో దీనిని రూపొందించిరి. చెప్పు లేకుండ నడచుటకు, గొంతుకు కూర్చుండుటకు, నీటిలో, బురదలో తిరుగుటకు ఇది వీలిచ్చును. పనివాని నేర్పు, వైద్యుని తెలివి కలిసిన ఫలితమిది. కృత్రిమ పాదమును మాత్రము ఇంట చేయబూనక నిపుణులచే అమర్పించుకొనుడు.

ఇంటివద్ద

మన డెల్టాలో కొబ్బరి, తాడిచెట్లమీదనుండి పడి వెన్నెముక దెబ్బతిన్నవారు ఉన్నారు. చక్రముల కుర్చీ గుమ్మము దాటవలెనన్న, అడుగు ఎత్తునకు పన్నెండు అడుగుల పొడవున వాలు కట్టించుడు. నడుము క్రింద స్పర్శ లేనివారు గట్టి పలకపై కూర్చుండరాదు. మందమైన మెత్త వేసికొని, ప్రతి పావుగంటకు చేతులమీద ఒళ్లు లేపవలెను. గాలి నింపిన ట్యూబు చుట్టపై కూర్చుండుట మంచిది కాదు. అది రక్తప్రసరణను అడ్డును.

చూపు లేనివారికి ఇంటినుండి మరుగుదొడ్డికి, పశువుల కొట్టమునకు నడుమెత్తున కొబ్బరితాడు కట్టుడు. దారి చీలుచోట ఒక ముడి, మెట్టు వచ్చుచోట రెండు ముళ్లు వేసినచో ఇంకొకరి చేయి పట్టుకొనవలసిన పని ఉండదు.

గ్రామోద్యోగులకు మనవి

వికలాంగుల హక్కుల చట్టము, 2016 ఇరువదియొక్క రకముల వైకల్యములను గుర్తించినది. కుష్ఠు వ్యాధి నయమైనవారును అందులో చేరుదురు. మీ ఊరిలో ధ్రువపత్రము లేనివారెవరో చూచి, వైద్య పరీక్షకు పంపుడు. చక్రముల కుర్చీలు, చంకకర్రల వంటివి అర్హులకు ప్రభుత్వ పథకముల క్రింద లభించును. వచ్చిన వస్తువు మనిషికి సరిపోయినదా లేదా అనికూడ విచారించుడు. సరిపోని కర్ర అటకమీదకు చేరును.

సార్వా నాట్లకు ముందే వడ్రంగిని, కమ్మరిని ఒక దినము పిలువుడు. పని చేయవలసిన మనిషినే దగ్గర నిలిపి, ఏది నొచ్చుచున్నది, ఏది జారుచున్నది అని అడుగుడు. చేసిన పిడిని వారము దినములు వాడనిచ్చి మరల సరిచేయుడు. స్పర్శ లేనివారు ప్రతి సాయంత్రము చేతులు, కాళ్లు కడిగి, వెలుతురులో పరీక్షించుకొనవలెను. ఎఱ్ఱదనము, బొబ్బ కనబడిన దినమే పిడిని మార్చవలెను, ఆ చేతికి విశ్రాంతి నీయవలెను. ఈపాటి శ్రద్ధ ఒక వ్రేలిని కాపాడును. ఒక రైతును తన చేనిలో నిలుపును.