వార్తల్లో పదం: హెఫా

కేంద్ర విద్యాసంస్థలో హాస్టలో ల్యాబో కట్టాలంటే ఒకప్పుడు గ్రాంటు వచ్చేది, తిరిగి కట్టే పని లేదు. ఇప్పుడు చాలావరకు అప్పే. ఇచ్చేది హెఫా. కేంద్ర ప్రభుత్వం, కెనరా బ్యాంకు 2017లో కలిసి పెట్టిన ఉన్నత విద్యా ఆర్థిక సంస్థ ఇది.

వడ్డీ భారం కేంద్రానిదే. అసలు సంగతి వేరు. పదేళ్లు దాటిన ఐఐటీల్లాంటివి అసలంతా ఫీజుల్లాంటి సొంత రాబడి నుంచే తీర్చాలి. పాత కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు ఆ వాటా 10 శాతం. ఇందుకోసం పదేళ్లపాటు ఇంత సొమ్మని ఎస్క్రో ఖాతాకు, అంటే అప్పు తీర్చడానికే విడిగా ఉంచే ఖాతాకు రాసివ్వాలి. ఆ రాబడినే చూపి హెఫా మార్కెట్లో నిధులు సేకరించవచ్చు. అంటే ఇంకా సీటు రాని పిల్లల ఫీజు ఇవాళే పూచీకత్తయిందన్నమాట!

ఇంజినీరింగ్ విభాగాలకైతే కన్సల్టెన్సీ సొమ్ము ఉంది. చరిత్ర విభాగం దేన్ని అమ్ముకోవాలి? అందుకే ఫీజులు పెరుగుతాయేమోనన్న భయం ఉపాధ్యాయ సంఘాలది.