కెర్నల్ బైపాస్

ఆల్గో ట్రేడింగ్ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌లే ఆర్డర్లు పెట్టే పద్ధతి) వార్తల్లో ఎదురవుతున్న మాట. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను పక్కనపెట్టి, నెట్‌వర్క్ కార్డు నుంచి డేటాను ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్ నేరుగా అందుకోవడమే ఇది. మామూలుగా మార్కెట్ ధరల సమాచారం కెర్నల్ చేతిలో కాపీ అయ్యాకే ప్రోగ్రామ్‌కు చేరుతుంది. పోయేది మైక్రోసెకన్లే. కానీ ఒకే ధర దగ్గర ముందొచ్చిన ఆర్డర్‌దే ముందు వరస కాబట్టి, అదీ లెక్కే!

ట్రేడింగ్ సర్వర్లలో ఎక్కువగా కనిపించే కెర్నల్ లినక్స్. దాని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది గనుక సంస్థలు దాన్ని అవసరాన్నిబట్టి మార్చుకుంటాయి. బైపాస్‌కు వాడే డీపీడీకే అనే సాఫ్ట్‌వేర్ కూడా ఓపెన్‌సోర్సే. లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 2011లో విండోస్ ఆధారిత ట్రేడెలెక్ట్‌ను వదిలి, లినక్స్‌పై నడిచే వ్యవస్థకు మారింది. దాన్ని తయారుచేసింది శ్రీలంకలో పుట్టిన మిలీనియం ఐటీ.

ఫోన్‌లో నాలుగు షేర్లు కొనే మదుపరికి దీంతో నేరుగా పనిలేదు. మొబైల్ నెట్‌వర్క్ ఆలస్యమే మిల్లీసెకన్లలో ఉంటుంది. అయితే ఆ ఆర్డర్‌కు అవతలి పక్షం ఇలా కెర్నల్ బైపాస్ వాడే యంత్రమే కావచ్చు.