వైద్య ఆదేశాలు

ఆసుపత్రిలో చేరిన రోగికి ఇవ్వవలసిన మందులు, ఆహారం, చేయవలసిన పరీక్షలు, చికిత్సల గురించి వైద్యుడు కేస్ షీటులో రాసే సూచనలను వైద్య ఆదేశాలు అంటారు. వీటిని నర్సులు, ఫార్మసిస్టులు, ప్రయోగశాల సిబ్బంది అమలు చేస్తారు. రాసేవారు ఒకరు, చదివి అమలు చేసేవారు మరొకరు కావడం వలన రాతలోని చిన్న అస్పష్టత కూడా రోగి ప్రాణానికి ముప్పు కావచ్చు. అమెరికా ఆసుపత్రులలో వైద్యపరమైన పొరపాట్ల వలన ఏటా 44,000 నుండి 98,000 మంది మరణిస్తున్నారని ఆ దేశపు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1999లో అంచనా వేసింది. మందుల పొరపాట్లు వీటిలో ఒక భాగం.

రకాలు

* నిత్య ఆదేశాలు: వైద్యుడు మార్చేవరకు రోజూ నిర్ణీత వేళలకు అమలయ్యేవి. ఉదాహరణకు రోజుకు రెండుసార్లు (బీడీ), మూడుసార్లు (టీడీఎస్) ఇచ్చే మందులు.
* తక్షణ ఆదేశాలు (స్టాట్): వెంటనే, ఒక్కసారి మాత్రమే అమలు చేయవలసినవి.
* అవసరాన్ని బట్టి ఇచ్చేవి (ఎస్‌ఓఎస్): ఏ లక్షణానికి ఇవ్వాలో, రెండు మోతాదుల మధ్య ఎంత వ్యవధి ఉండాలో, రోజుకు గరిష్ఠ మోతాదు ఎంతో కూడా రాయాలి.

రాసే పద్ధతి

ప్రతి పుటపైన రోగి పేరు, వయస్సు, నమోదు సంఖ్య, అలర్జీల వివరాలు ఉండాలి. ఆదేశంలో మందు పేరు, మోతాదు, ఇచ్చే మార్గం (నోటి ద్వారా, కండరంలోకి, సిరలోకి), ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అనేవి రాసి, తేదీ, సమయం వేసి సంతకం చేయాలి. పిల్లలకు మోతాదును సాధారణంగా బరువును బట్టి లెక్కిస్తారు కనుక బరువును కిలోలలో నమోదు చేయాలి. తప్పు రాస్తే దానిపైనే దిద్దరాదు. ఒక గీతతో కొట్టివేసి, సంతకం చేసి, మళ్ళీ రాయాలి.

మందులను జనరిక్ పేర్లతో, స్పష్టంగా, వీలైనంతవరకు ఇంగ్లీషు పెద్ద అక్షరాలలో రాయాలని భారత వైద్య మండలి 2016లో తన నియమావళిని సవరించింది.

ప్రమాదకరమైన రాతలు

అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని సంక్షిప్తాల జాబితాను రూపొందించింది. అటువంటి రాతలలో ముఖ్యమైనవి:

* ఇన్సులిను మోతాదు పక్కన "యూనిట్లు" అనే మాటకు బదులు ఇంగ్లీషు "యు" అక్షరం రాస్తే అది సున్నాలా కనబడి, 10 యూనిట్లు 100గా మారవచ్చు.
* 1.0 మి.గ్రా. అని రాస్తే చుక్క కనబడక 10గా చదవవచ్చు. 1 అని మాత్రమే రాయాలి. అరకు .5 అని కాక 0.5 అని రాయాలి.
* "ఎంఎస్" అంటే మార్ఫీను సల్ఫేటు కావచ్చు, మెగ్నీషియం సల్ఫేటు కావచ్చు.

కీళ్ళవాతానికి మెథోట్రెక్సేటు మందును వారానికి ఒక్కసారే ఇస్తారు. దానిని పొరపాటున రోజూ ఇస్తే ఎముకలలోని మూలుగ దెబ్బతిని మరణం సంభవించవచ్చు. అందుచేత ఆదేశంలో "సోమవారం" వంటి రోజు పేరును కూడా రాయాలి.

నోటిమాట ఆదేశాలు

అత్యవసర సమయాలలో, లేదా వైద్యుడు ఎదుట లేనప్పుడు ఫోనులో మాత్రమే నోటిమాట ఆదేశాలను స్వీకరించాలి. నర్సు ముందుగా రాసుకొని, రాసినదానిని తిరిగి చదివి వినిపించి, వైద్యుడు అవునన్న తరువాతే అమలు చేయాలి. ఇంగ్లీషులో పదిహేను, యాభై వినడానికి దగ్గరగా ఉంటాయి కనుక "ఒకటి, ఐదు" అని అంకెలను విడివిడిగా పలకాలి. వైద్యుడు ఆ ఆదేశంపై ఆసుపత్రి నిర్ణయించిన గడువులోగా సంతకం చేయాలి.

అమలు

మందు ఇచ్చేముందు సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అనే ఐదింటిని సరిచూడాలి. మంచం సంఖ్యను బట్టి రోగిని గుర్తించరాదు; పేరు, నమోదు సంఖ్య రెండూ చూడాలి. ఇన్సులిను, హెపారిను వంటి మందులను మరొక నర్సు చేత కూడా సరిచూపించాలి. మందు ఇచ్చిన తరువాతే నమోదు చేయాలి; ఇవ్వకపోతే కారణం రాయాలి.

ఆదేశం అర్థం కాకపోయినా, మోతాదు అసాధారణంగా తోచినా ఊహించి ఇవ్వరాదు, వైద్యుని అడగాలి. అలా అడగడం ధిక్కారం కాదు, నర్సు విధి. ఆ పొరపాటు రోగిని చేరకముందు దానిని ఆపగల చివరి అవకాశం చాలాసార్లు అదే.