జ్ఞాపకశక్తి తప్పిన పాత కంప్యూటరు

ఒకప్పుడు టెలివిజన్‌కు తగిలించి, క్యాసెట్ టేపు మీది ప్రోగ్రాములతో నడిపిన చిన్న కంప్యూటర్లు నేటికీ కొందరి ఇళ్లలో అటకల మీద భద్రంగా ఉన్నాయి. బ్రిటన్‌లో 1981లో వెలువడిన జడ్‌ఎక్స్ 81, 1982లో వచ్చిన స్పెక్ట్రమ్ వాటిలో ప్రసిద్ధమైనవి. స్పెక్ట్రమ్ ప్లస్‌ను 1988లో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ సంస్థ మన దేశంలో ప్రవేశపెట్టింది. పిల్లలకు చూపుదామని అటువంటి యంత్రాన్ని దించినప్పుడు తెర మీద పిచ్చిగీతలు కనిపిస్తే, మెమరీ పోయిందని పారవేయడమో, తొందరపడి చిప్పులు మార్చడమో జరుగుతున్నది. రెండూ తగవు.

కర్మాగారంలో మోటారు ఆగితే మనం ముందుగా వైండింగు విప్పము; ఫ్యూజును, టెర్మినళ్లను చూస్తాము. ఇక్కడా అదే క్రమం.

మొదట అతుకు

జడ్‌ఎక్స్ 81లో ఉన్నది 1 కిలోబైటు మెమరీ మాత్రమే. అందుచేత 16 కిలోబైట్ల ప్యాకును వెనుక అంచుకు తగిలించేవారు. దానిని పట్టి ఉంచే మర లేదు. మీట గట్టిగా నొక్కితే ప్యాకు కదిలి, లిప్తకాలం సంబంధం తెగి, గంటల తరబడి టైపు చేసిన ప్రోగ్రాము మాయమయ్యేది.

సూరత్, హజీరా పరిసరాల సముద్రపు గాలి, వర్షాకాలపు తేమ ఈ లోహపు అంచులకు శత్రువులు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయపు నీటితో తపతి పొంగి నగరాన్ని ముంచెత్తిన సంగతి విదితమే. అటువంటి నీరు సోకిన పరికరం లోపలి బురదను తొలగించి, పూర్తిగా ఆరనివ్వనిదే విద్యుత్తు ఇవ్వరాదు.

విద్యుత్తు తీసివేసిన తరువాతనే ప్యాకును ఊడదీయాలి. దూదిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి అంచులను తుడవాలి. గరుకు కాగితంతో రుద్దితే పైపూత లేచిపోతుంది.

పిదప లెక్క

యంత్రం పనిచేస్తూ ఉంటే మెమరీ ఎంత ఉన్నదో దానినే అడగవచ్చు. జడ్‌ఎక్స్ 81లో ‘ప్రింట్ పీక్ 16388+256*పీక్ 16389’ అన్న ఆదేశానికి 32768 అని జవాబు వస్తే 16 కిలోబైట్లూ అందుతున్నట్లు. 17408 వస్తే ప్యాకు అందనట్లు. స్పెక్ట్రమ్‌లో 23732, 23733 అంకెలతో అడగాలి. 48 కిలోబైట్ల యంత్రం 65535 అని చెప్పాలి. 32767 అని చెబితే అదనపు 32 కిలోబైట్లలో దోషమున్నది.

ఆపైన వోల్టేజి

ఆ ప్యాకులోనూ, స్పెక్ట్రమ్ తొలి 16 కిలోబైట్లలోనూ వాడిన 4116 చిప్పు కారే కుండ వంటిది. అందులోని విద్యుదావేశాన్ని 2 మిల్లీసెకన్లకొకసారి మళ్లీ నింపుతూ ఉండాలి. దానికి మూడు వోల్టేజిలు అవసరం: 1వ కాలు వద్ద –5, 8వ కాలు వద్ద +12, 9వ కాలు వద్ద +5. 16వ కాలు భూమి. –5 వోల్టులు లోపిస్తే చిప్పు చెడిపోతుంది. ఆ సంగతి మల్టీమీటరుతో తేల్చుకోకుండా కొత్త చిప్పులు అతికితే అవీ పాత వాటి దారినే పోతాయి. ఒక్కొక్క చిప్పు ఒక్కొక్క బిట్టును మోస్తుంది గనుక, ఒకే బిట్టు పదే పదే తప్పుతుంటే ఆ చిప్పునే అనుమానించాలి, ఎనిమిదింటినీ పెరకనక్కరలేదు.

1987 నాటి అమిగా 500కు అమర్చే 512 కిలోబైట్ల ఎ501 కార్డుది మరొక జబ్బు. గడియారం కోసం పెట్టిన బ్యాటరీ కారి రాగి గీతలకు చిలుము పట్టిస్తుంది. చేతితొడుగులు ధరించి బ్యాటరీని తొలగించాలి. మరకను నీటితో పలుచన చేసిన నిమ్మరసంతోనో, వినెగరుతోనో తుడిచి, తరువాత ఆల్కహాల్‌తో శుభ్రపరచాలి. కార్డు బాగున్నప్పటికీ పాత బ్యాటరీని ఉంచరాదు.

అతుకు, లెక్క, వోల్టేజి, చివరకే చిప్పు. ఈ యంత్రాల తయారీ ఏనాడో ఆగిపోయింది. తొందరపాటు టంకంతో పాడైన బోర్డుకు మారుబోర్డు దొరకడం కష్టం. దూది ముక్కతో తీరే రోగానికి శస్త్రచికిత్స చేయకుండుటే విజ్ఞత.