బ్లోక్ ఇంటిపేరు - మన రెండు భాషలు

చంద్రపూర్‌లో చదువుకొనే చాలామంది తెలుగు విద్యార్థులకు వీధిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. ఒకటి పట్టుబడితే మరొకటి జారిపోతుందని పెద్దలు భయపడుతుంటారు. ఆ భయం తీరడానికి ఫ్రాన్సు దేశపు ఇంటిపేరు ఒకదాన్ని మనం పరిచయం చేసుకొందాం. అది బ్లోక్.

ఆల్సాస్ ప్రాంతపు యూదు కుటుంబాల్లో వినిపించే ఈ పేరును ఇద్దరు పండితులు ప్రసిద్ధం చేశారు. చరిత్రకారుడు మార్క్ బ్లోక్ (1886-1944) ఇరుగుపొరుగు సమాజాలను పోల్చి చదవాలని 1928లో వాదించారు. నాజీ ఆక్రమణను ప్రతిఘటించినందుకు జర్మన్లు ఆయనను కాల్చి చంపారు.

భాషాశాస్త్రజ్ఞుడు జూల్ బ్లోక్ (1880-1953) ఇరుగుపొరుగు భాషలను చదివారు. మరాఠీ పరిణామంపై ఆయన గ్రంథం 1920లో, ద్రావిడ భాషల వ్యాకరణ నిర్మాణంపై గ్రంథం 1946లో వెలువడ్డాయి. రెండవదాని ఆంగ్లానువాదాన్ని 1954లో పుణె దక్కన్ కళాశాల ప్రచురించింది.

ఒకే పండితుడు రెండు కుటుంబాల భాషలనూ ఎందుకు చదవాలి? మన నోటి మాటలే జవాబు చెబుతాయి. వినేవారిని కలుపుకొంటే 'మనం', కలుపుకోకుంటే 'మేము' అంటాం. మరాఠీలోనూ అలాగే 'ఆపణ్', 'ఆమ్హీ' ఉన్నాయి. హిందీలో రెండింటికీ 'హమ్' ఒక్కటే. తెలుగు 'చాప'లోని దంత్య చకారమే మరాఠీలో చక్రమనే అర్థమున్న 'చాక్'లోనూ వినిపిస్తుంది. మరాఠీ ఆర్యభాషే అయినా, ద్రావిడ భాషలతో దాని సహవాసం చాలాకాలపుది.

ఈ పోలికలు పట్టుకోవడానికి రెండు భాషలూ వచ్చిన చెవి కావాలి. అది చంద్రపూర్ విద్యార్థికి ఇంటి నుంచే వచ్చిన ఆస్తి. మరాఠీ కోసం తెలుగును వదులుకోవద్దని మా మనవి.